వృత్తాకార తీగచుట్ట అయస్కాంత క్షేత్రం: ఏది రద్దవుతుంది, ఏది మిగులుతుంది?

నమస్కారం. విద్యుత్ ప్రవహిస్తున్న వృత్తాకార తీగచుట్ట తన అక్షంపై ఎంత అయస్కాంత క్షేత్రాన్ని కలిగిస్తుందో ఈ వీడియోలో లెక్కిద్దాం. ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థుల్లో చాలామంది చివరి సూత్రాన్ని కంఠస్థం చేస్తారు గాని, మధ్యలో ఒక కొసైన్ ఎందుకు వచ్చి చేరిందో చెప్పలేరు. ఈ లెక్కకు ఆయువుపట్టు అదే.

విద్యుత్ తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో అయిర్‌స్టెడ్ ప్రకటించాడు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో బయో, సవర్ట్ చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన నియమమే మనకు ఆధారం. చిన్న తీగముక్క కలిగించే క్షేత్రం, ప్రవాహానికీ ముక్క పొడవుకూ అనులోమానుపాతంలోనూ, దూరం వర్గానికి విలోమానుపాతంలోనూ ఉంటుంది. ముక్కకూ, దాని నుంచి బిందువుకు గీసిన రేఖకూ మధ్య కోణం సైన్‌తో దాన్ని గుణించాలి.

ఒక చేతిగాజును నిలబెట్టి, దాని నడిమి నుంచి మన కంటివైపు అక్షం వస్తున్నట్లు ఊహించండి. అక్షంపై ఉన్న బిందువుకు గాజులోని ప్రతి ముక్కా సమాన దూరంలో ఉంటుంది, ఆ దూరరేఖకు లంబంగానూ ఉంటుంది. కనుక సైన్ విలువ 1. అయితే ఒక్కో ముక్క ఇచ్చే క్షేత్రం అక్షానికి ఏటవాలుగా ఉంటుంది. దాన్ని విడదీస్తే, అక్షానికి అడ్డంగా ఉన్న అంశాన్ని ఎదుటి ముక్క పూర్తిగా రద్దు చేస్తుంది, అక్షం వెంబడి ఉన్నది మాత్రమే మిగులుతుంది. ఆ అంశం కోసం గుణించాల్సింది సైనా, కొసైనా అని తడబడకుండా, వ్యాసార్ధాన్ని ముక్క నుంచి బిందువుకున్న దూరంతో భాగించిన విలువగా గుర్తుంచుకోండి: కేంద్రం వద్ద అది 1 కావాలి, దూరం పోయేకొద్దీ సున్నాకు చేరాలి.

ముక్కలన్నీ కలిస్తే చుట్టుకొలత, అంటే 2 పై ఆర్. ఇక్కడ ఆర్ వ్యాసార్ధం, ఐ ప్రవాహం, ఎక్స్ కేంద్రం నుంచి అక్షంపై బిందువుకున్న దూరం, మ్యూ నాట్ ఒక స్థిరాంకం. ఫలితం: మ్యూ నాట్ ఐ ఆర్ స్క్వేర్, భాగించబడినది 2 ఇంటూ, ఆర్ స్క్వేర్ ప్లస్ ఎక్స్ స్క్వేర్ మొత్తానికి 3 బై 2 ఘాతం. కేంద్రం వద్ద ఇది మ్యూ నాట్ ఐ బై 2 ఆర్ అవుతుంది.

ప్రయోగశాలలోని టాంజెంట్ గాల్వనామీటర్‌నే, అంటే తీగచుట్ట మధ్య ముల్లు తిరిగిన కోణాన్ని బట్టి ప్రవాహాన్ని కొలిచే పరికరాన్నే చూడండి. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం, 5 చుట్లు, 1 ఆంపియర్ ప్రవాహం అయితే కేంద్రం వద్ద క్షేత్రం 31.4 మైక్రోటెస్లాలు. మన ప్రాంతంలో భూమి క్షితిజ సమాంతర క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు కాబట్టి, రెండు క్షేత్రాలూ లంబంగా ఉండేలా చుట్టను అమర్చితే ముల్లు దాదాపు 38 డిగ్రీలు తిరుగుతుంది. అక్షం దాటితే మన సూత్రం చెల్లదు, కేంద్రం చుట్టూ కొద్దిమేరకే క్షేత్రం ఇంచుమించు ఏకరీతిగా ఉంటుంది. అందుకే అందులోని అయస్కాంత సూచిని కావాలనే పొట్టిగా చేసి, కోణం చదవడానికి దానికి అడ్డంగా పొడవైన అల్యూమినియం ముల్లును అమర్చారు.