గొట్టం ఎటు చూస్తోంది?

శ్రోతలకు నమస్కారం.

బరంపురం ఠాకురాణి జాతరకు వెళ్లినవారికి బుడగల దుకాణం గుర్తుండే ఉంటుంది. పలక మీద వరుసగా కట్టిన రంగు బుడగలు, ఎదురుగా బల్ల మీద పాత గాలి తుపాకులు. డబ్బులిస్తే దుకాణదారు గుండు పెట్టి చేతికిస్తాడు. తుపాకితో మనలో చాలామందికి తొలి పరిచయం అక్కడే. పక్కన పిల్లలు మరమరాలు తింటూ ఉంటారు. వెనక నుంచి బావగారు "ఇంకొంచెం పైకి, ఇంకొంచెం పైకి" అని భుజం తడుతూ ఉంటారు. బుడగ పగలగానే కాల్చినవాడు తుపాకితో సహా వెనక్కి తిరిగి నవ్వుతాడు. ఆ తిరగడం గురించే ఈరోజు నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

పర్లాకిమిడిలో నేను చాలా ఏళ్లు ఎన్.సి.సి. పిల్లలకు గురి చూడడం నేర్పాను. కొత్తగా తుపాకి పట్టినవాడి వల్ల ప్రమాదం ఎప్పుడు అని అడిగితే, పేల్చేటప్పుడే అంటారు అందరూ. నేను చూసినంతలో అలా కాదు. పేల్చేటప్పుడు వాడి ధ్యాసంతా ముందుకే ఉంటుంది. తగిలిందనో, తగల్లేదనో, తుపాకి మొరాయించిందనో మనకు చెప్పడానికి తిరుగుతాడు చూడండి, అప్పుడు. మొహం తిరిగితే భుజాలు తిరుగుతాయి, భుజాలతో పాటు గొట్టం తిరుగుతుంది. ఒకసారి ఒక కుర్రాడు "సార్, ట్రిగ్గర్ కదలడం లేదు" అంటూ నా వైపు తిరిగాడు. గొట్టం నా పొట్ట మీదుగా సాగి పక్క కుర్రాడి మోకాలి దగ్గర ఆగింది. లోపల గుండు ఉంది, వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. అదృష్టవశాత్తు ఏమీ కాలేదు. తప్పు వాడిది కాదు, నాది. నాతో మాట్లాడాలంటే వాడు తిరగక తప్పని చోట, అంత వెనక నిలబడ్డాను నేను.

అప్పటి నుంచి నేర్చుకునేవారి పక్కనే, చేయి చాపితే తుపాకి అందేంత దగ్గరలో నిలబడతాను. చెప్పవలసినదంతా తుపాకి ఇవ్వకముందే చెబుతాను. అది చేతికి వచ్చాక మనిషికి చెవులు సగమే వినిపిస్తాయి. "ఏం చెప్పాలన్నా ముందుకే చూస్తూ చెప్పు, నాకు వినిపిస్తుంది" అని ముందు ఖాళీ చేతులతో సాధన చేయిస్తాను. చేతిలో ఏమీ లేకుండా గోడకేసి చూస్తూ "సార్, తగిలింది" అనమంటే పిల్లలు పగలబడి నవ్వుతారు. నవ్వనివ్వండి. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ దగ్గరకు పోకుండా, పక్కనే చాచి ఉంచడం కూడా అప్పుడే అలవాటు కావాలి. ఆ తర్వాత గుండు ఒక్కటే ఇస్తాను. అది పేల్చాకే రెండోది.

4.5 మిల్లీమీటర్ల లోపలి వెడల్పు గల గొట్టంతో, 20 జౌల్స్ మించని శక్తి గల గాలి తుపాకికి 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కరలేదు. లైసెన్సు అక్కరలేనిది ఆట బొమ్మే కదా అనుకునే తండ్రులను చూశాను. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచిందీ, 2012లో లండన్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ ఆ 4.5 మిల్లీమీటర్ల గాలి రైఫిల్‌తోనే. పది మీటర్ల దూరంలో అర మిల్లీమీటరు చుక్కను కొట్టే సాధనం కంటిని కొట్టలేదా? అందుకే కాల్చేవారికే కాదు, పక్కన నిలబడినవారికీ కళ్లద్దాలు ఉండాలి. అంతటి పోటీల్లో కూడా అనుమతి వచ్చేదాకా గొట్టంలో ఈ చివర నుంచి ఆ చివరకు కనిపించేలా రంగు తీగ దూర్చి ఉంచుతారు. తుపాకి ఖాళీ అని నోటితో చెబితే అక్కడ చెల్లదు, తీగ కనిపించాలి. మేము ఎర్రటి ప్లాస్టిక్ తీగ ముక్కతో అదే పని చేసేవాళ్లం.

మన వైపు ఎక్కువగా దొరికేది గొట్టాన్ని మధ్యకు వంచి గుండు పెట్టే రకం. గుండు పెడుతున్నంత సేపూ రెండో చెయ్యి గొట్టాన్ని గట్టిగా పట్టుకునే ఉండాలి. పొరపాటున ట్రిగ్గర్ నొక్కుకుపోతే స్ప్రింగు బిగువుకు గొట్టం ఎగిరి మూసుకుంటుంది, మధ్యలో ఉన్న వేళ్లు నలిగిపోతాయి. ఇంకో చెడ్డ అలవాటు ఉంది. చేతులు ఖాళీ లేవని గుండ్లు పెదవుల మధ్య పెట్టుకుంటారు, దర్జీలు గుండుసూదులు పెట్టుకున్నట్టు. అది సీసం. కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా తినుబండారాల పొట్లం ముట్టుకోవద్దని నేను గట్టిగా చెప్పేవాణ్ణి.

ఇక లక్ష్యం వెనక ఏముంది అన్న సంగతి. మా ఊళ్లో ఎవరిని అడిగినా "కొండ వైపు కాల్చుకోండి, అటు ఎవరుంటారు" అంటారు. ఎందుకుండరు? అడ్డాకులకూ కట్టెలకూ సవర ఊళ్ల ఆడవాళ్లు తెల్లవారకముందే కొండ ఎక్కుతారు, పొదల చాటున కనిపించరు. ఎన్.సి.సి.లో వాడే పాయింట్ 22 తూటా ఏ అడ్డూ లేకపోతే కిలోమీటరు దాటి పోతుంది. చెరువు వైపు కాలిస్తే నీళ్లలో మునిగిపోతుందనుకుంటారు. చిన్నప్పుడు పెంకు ముక్కను చెరువు మీద గెంతులు వేయించలేదా మీరు? తక్కువ ఎత్తులో పోయే తూటా కూడా అలాగే ఎగురుతుంది. రాళ్లున్న ఎర్రమట్టి గట్టుకు తగిలితే ఎటు మళ్లుతుందో చెప్పలేం. మెత్తటి మట్టితో, ఎత్తుగా వేసిన దిబ్బ కావాలి. గాలి తుపాకికైతే ఇసుక నింపిన లోతైన పెట్టె పెట్టి, ముందు కాగితం అతికించేవాళ్లం.

ఒక ఏడాది ఒక అమ్మాయి మొదటిసారి ఐదు గుండ్లు కాల్చింది. తుపాకి తెరిచి, తీగ దూర్చి, బల్ల మీద పెట్టి అప్పుడు వెనక్కి తిరిగింది. అందరి తుపాకులూ బల్ల మీదకు చేరాక కాగితం దగ్గరకు వెళ్లాం. చిల్లులు మూడే ఉన్నాయి.

"మిగతా రెండూ ఎటు పోయాయి సార్?" అంది.

మూడు తగిలాయన్న సంబరం ఆ అమ్మాయి మొహంలో లేదు. "వెతుకుదాం అమ్మా" అన్నాను. ఇసుక పెట్టె బోర్లించి, ఇద్దరం కూర్చుని జల్లెడ పట్టాం. ముందు నాలుగు దొరికాయి. ఐదోది పెట్టె చెక్కలో, కాగితానికి జానెడు పక్కన దిగి ఉంది. మరునాటికి ఇంకా వెడల్పాటి పెట్టె చేయించాను.