బీరువా ముందు తెరవండి

శ్రోతలందరికీ నమస్కారం.

ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ మాట యూనివర్సిటీలో వినపడగానే గోడలకు సున్నాలు మొదలవుతాయి. ఫైళ్ల కోసం బీరువాలు తెరిచేది ఆ తర్వాతే. కొన్నేళ్ల కిందట ఒక యూనివర్సిటీలో ఈ పని చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, బీరువాలే ముందు తెరవాలి.

న్యాక్‌ను విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 1994లో బెంగళూరు కేంద్రంగా ఏర్పాటు చేసింది. యూనివర్సిటీ తన గురించి తాను రాసుకునే స్వీయ అధ్యయన నివేదికే దాని మూల్యాంకనానికి ఆధారం. మేం పనిచేసింది 2017లో వచ్చిన విధానంలో. ఏడు ప్రమాణాలు, 1000 మార్కులు. అందులో పరిశోధన, విస్తరణ సేవలకే 250, బోధనకు 200. ఐదేళ్ల లెక్కలు చూపాలి, ప్రతి అంకెకూ కాగితం ఉండాలి. తేదీ లేని ఫొటో, సంతకాలు లేని హాజరుపట్టీ చూసినప్పుడల్లా మాకు టెన్షనే.

ఒక డిపార్ట్‌మెంట్‌లో ఎవరెవరు పైచదువులకు వెళ్లారో రికార్డు లేదు. మీటింగుకు ఆఫీసు సిబ్బందినీ పిలిచాం. అటెండర్ గారు లేచి వెళ్లి, అట్ట ఊడిన నోటుబుక్కు ఒకటి తెచ్చారు. టీసీ కోసం వచ్చిన ప్రతి పిల్లవాణ్ణీ "ఎక్కడ చేరుతున్నావు నాన్నా" అని అడిగి, పేరు, ఫోన్ నంబరు రాసుకున్నారట. ఆ నంబర్లకు ఫోన్లు చేసి అడ్మిషన్ కాగితాలు తెప్పించాం. ప్రొఫెసర్లమే కూర్చుని ఉంటే ఆ పుస్తకం సంగతి మాకు తెలిసేదే కాదు.

నివేదికలో బలాలు, బలహీనతలు, అవకాశాలు, సవాళ్లు రాయాలి. బలాలు రాయడానికి అందరూ ముందుకొస్తారు. బలహీనతల దగ్గర "నిధుల కొరత" అని రాసి దాటేస్తారు. మేమూ మొదట అంతే చేశాం. నా దృష్టిలో నివేదిక మొత్తానికీ ప్రాణం ఆ పేరాలోనే ఉంది. అందుకే మేం రాసిన ఆ మాటను పక్కన పెట్టి విద్యార్థులతో కూర్చున్నాం.

ఎమ్మెస్సీ చదివే ఒకమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "సార్, ల్యాబ్‌కి నాలుగింటికే తాళం వేసేస్తారు. ప్రయోగం సగంలో ఆపేసి వెళ్లాల్సి వస్తోంది" అంది. దానికి నిధులు ఎందుకు? సాయంత్రం తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో తేలిస్తే చాలు.

ఆ మాట ఉన్నదున్నట్టు నివేదికలో రాశాం. న్యాక్ ఇచ్చే గ్రేడు తగ్గుతుందేమోనని కొందరు అభ్యంతరం చెప్పారు, తీసేయమన్నారు. తీయలేదు. న్యాక్ పంపే పరిశీలకుల బృందం, పీర్ టీమ్, వచ్చేనాటికి ఆ ల్యాబ్‌లో రాత్రి ఎనిమిది దాకా దీపాలు వెలుగుతున్నాయి.

సెలవు.