మాన్సర్ కాళ్లు పెడల్ మీదే ఎందుకు ఉండిపోయాయి

సభకు నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ బాంబర్ పైలట్ లెస్లీ థామస్ మాన్సర్ 1922 మే 11న న్యూఢిల్లీలో పుట్టాడు. తండ్రి తంతి తపాలా శాఖలో ఇంజనీరు. 1942 మే 31 తెల్లవారుజామున బెల్జియంలోని బ్రీ దగ్గర విమానంతో పాటు కూలిపోయేనాటికి అతనికి ఇరవయ్యేళ్లు నిండి ఇరవై రోజులు.

అతని ధైర్యాన్ని అందరం పొగుడుతాం. ఆ చివరి నిమిషాల్లో అతని చేతులూ కాళ్లూ ఏం చేస్తున్నాయో తెలిస్తే గానీ ఆ ధైర్యం ఎంతటిదో అంతుపట్టదు.

ఆ రాత్రి వెయ్యికి పైగా బ్రిటిష్ విమానాలు జర్మనీలోని కొలోన్ నగరం మీద బాంబు దాడికి వెళ్లాయి. ఊళ్లో దాదాపు 470 మంది చనిపోయారు, ఎక్కువమంది మామూలు జనం. మాన్సర్‌ను తలుచుకునే సభలో వాళ్లనూ తలుచుకోవాలి.

అతను నడిపింది అవ్రో మాంచెస్టర్ అనే బాంబర్ విమానం. ఉన్నవి రెండే ఇంజన్లు, రోల్స్‌రాయిస్ వల్చర్లు. ఒక్కోదానికి 24 సిలిండర్లు, అన్నీ తిప్పేది ఒకే ఇరుసును (క్రాంక్‌షాఫ్ట్‌ను). ఆయిల్ సరిగా అందక బేరింగులు పోయేవి, ఇంజన్ కాగిపోయేది. అందుకే ఆ రాత్రి విమానం 7,000 అడుగులు దాటి ఎక్కలేదు. ఫిరంగులకు అది సులువుగా అందే ఎత్తు.

బాంబులు వేశాక కూడా గుళ్లు తగులుతూనే ఉన్నాయి. సెర్చ్‌లైట్లను తప్పించుకోవడానికి వెయ్యి అడుగుల లోపుకు దిగి, మళ్లీ 2,000కు ఎక్కాడు. అప్పుడే ఎడమ ఇంజన్ అంటుకుంది. మంట ఆరడానికి పది నిమిషాలు పట్టింది. ఇంజన్ పోయింది, రెక్క కొంత కాలింది.

కుడి ఇంజన్ ఒక్కటే లాగుతుంటే విమానం ముక్కు ఎడమకు తిరుగుతుంది. ఆపాలంటే కుడి రడ్డర్ పెడల్ (తోక మీది చుక్కానిని తిప్పే పెడల్) తొక్కిపట్టాలి. రడ్డర్ పనిచేసేది దాన్ని ఒరుసుకుపోయే గాలి వల్లే. వేగం పడిపోతే ఎంత తొక్కినా లాభం లేదు. వేగం కావాలంటే ముక్కు దించాలి, దించడానికి ఎత్తు లేదు. పెడల్ వదిలితే ఎడమ రెక్క ఒరిగి బోల్తాయే. బోల్తా కొట్టే విమానంలో తలుపు దాకా పాకడం ఎవరి తరమూ కాదు. మిగతా ఆరుగురూ దూకేదాకా ఒకరు ఆ సీట్లో ఉండి తీరాలి.

రెండో పైలట్ సార్జెంట్ బేవీస్టాక్ పారాచూట్ తెచ్చి తగిలించబోయాడు. మాన్సర్ వద్దని తోసేశాడు. ఇంకొన్ని సెకన్లే నిలపగలను, వెంటనే దూకమన్నాడు.

ఆరుగురూ బతికారు. ఒకరు జర్మన్లకు చిక్కారు. ఐదుగురు బెల్జియన్ల సాయంతో తప్పించుకుని ఇంగ్లండ్ చేరారు. వాళ్లు చెప్పిన సాక్ష్యంతోనే ఆ అక్టోబరులో మాన్సర్‌కు బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ ప్రకటించారు. సమాధి బెల్జియంలోని హెవర్లీ యుద్ధ శ్మశానంలో ఉంది.

మాంచెస్టర్లను దాడుల నుంచి తప్పించింది అతను పోయిన మరుసటి నెలలోనే. అదే విమానానికి రెక్కలు పొడిగించి, నాలుగు మెర్లిన్ ఇంజన్లు బిగించి లాంకాస్టర్ అనే బాంబర్ చేశారు. దానికి ఒక ఇంజన్ పోయినా మిగిలిన మూడింటితో ఇంటికి రాగలిగేది.