లైన్ బయట కూర్చున్న కెప్టెన్

(సంక్రాంతి కబడ్డీ పోటీలకు ముందు హనుమకొండలో జరిగిన పాత ఆటగాళ్ల కలయికలో ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూసున్న నా పాత దోస్తులకు, వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ పిల్లలకు కూడా. పిల్లలూ, కుర్చీలు ఖాళీగనే ఉన్నయి, వచ్చి కూసోండి. మీరట్లా నిలబడితే నాకు ఇంకా డ్రిల్ పీరియడ్ నడుస్తున్నట్టే అనిపిస్తది.

నాకు ఇచ్చిన విషయం "ఆట మానేసిన ఆటగాడు, పాత జట్టుతో అనుబంధం". చెప్పడానికి నేను సరైన మనిషినేనా అని నాకే అనుమానం. నేను పెద్ద ఆటగాణ్ని కాదు. జట్టులో ఏడుగురు ఆడితే నేను ఎనిమిదోవాణ్ని. కానీ ఎనిమిదోవానికి ఒక లాభం ఉంటది. ఆట మొత్తం కండ్లార చూస్తడు. అట్లా నేను ఏండ్ల తరబడి చూసిన ఒక మనిషి గురించి చెప్త.

ఆయన ఇక్కడనే ఉన్నడు, మూడో వరుసలో. పేరు తీయొద్దని నాతోని ఒట్టు పెట్టించుకున్నడు. అందుకే ఊరంతా పిలిచినట్టు నేనూ కెప్టెన్ సాబ్ అనే అంట. ఎనభైలలో పరకాల, నర్సంపేట, ములుగు దిక్కు ఎక్కడ టోర్నమెంట్ పెట్టినా, ఆయన కూతకు పోతున్నడంటే చాయ్ తాగేటోళ్లు గ్లాసులు కింద పెట్టి లేచేవాళ్లు. మనిషి బక్కగ ఉండేటోడు. పట్టుకున్నమనే అనుకునేది అవతలి కార్నర్ వాడు, అంటే మూలన నిలబడి పట్టేటోడు. దులుపుకొని చూస్తే చేతిలో మట్టి తప్ప ఏం ఉండకపోయేది. తర్వాత మోకాలు పోయింది, ఆట పోయింది. ఆర్టీసీలో కండక్టర్ నౌకరి చేసిండు, రెండేండ్ల కింద అదీ అయిపోయింది.

ఇప్పుడు శాలువాల ముచ్చట. ఆయన ఇంట్లో ఒక ఇనుప పెట్టె నిండా శాలువాలే. ఒకరోజు పోయినప్పుడు మా వదిన ఆ పెట్టె తెరిచి చూపెట్టి అన్నది: "చూసినవా తమ్మీ, గిన్ని కప్పిన్రు. పొద్దున గ్రౌండ్‌కు రా అన్నా అని మాత్రం ఒక్కడు పిలువలే." నేను ఇయ్యాల ఎంత చెప్పినా వదిన చెప్పిన దానికన్నా ఎక్కువేం చెప్పలేను. కాకపోతే నాకు అర్ధగంట టైమ్ ఇచ్చిన్రు కాబట్టి చెప్త.

కబడ్డీలో ఒక సంగతి ఉన్నది. వేరే ఆటల్లో నాకైతే కనపడలే. అవుటైనోడు ఇంటికి పోడు. డ్రెస్ మార్చుకోడు. కోర్టు వెనక గీసిన డబ్బాలో, అవుటైన వరుసలోనే కూసుంటడు. తనోళ్లు ఒక పాయింట్ తెస్తే ముందు అవుటైనోడు ముందు లేస్తడు. అంటే వాడు లోపలా లేడు, బయటా లేడు. ఊపిరి బిగబట్టి చూస్తుంటడు. జట్టు పాయింట్ గెలిస్తెనే వాడు లేచేది. ఆట మానేసిన పెద్ద ఆటగాడు కూడా ఆ డబ్బాలో కూసున్నోడే అని నా లెక్క. ఈయనకు మళ్లీ లేచి కోర్టులోకి వచ్చే వరుస ఎన్నడూ రాదు, అంతే తేడా.

2025 నవంబర్ 2న నవీ ముంబైలో ఏమైందో మీరంతా టీవీలో చూసే ఉంటరు. మన ఆడపిల్లలు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి క్రికెట్ ప్రపంచ కప్ గెలిచిన్రు. నాకు ఆ గెలుపుకన్నా తర్వాత జరిగింది గుర్తున్నది. కప్పు తెచ్చి పాత ఆటగాళ్లు మిథాలీ రాజ్ చేతిలో పెట్టిన్రు, ఝులన్ గోస్వామి చేతిలో పెట్టిన్రు. ఝులన్ ఏడ్చేసింది. మిథాలీ మన సికింద్రాబాద్‌లో పెరిగిన బిడ్డ. 2017లో లార్డ్స్‌లో ఆమె కెప్టెన్‌గా ఉన్నప్పుడు ఇదే కప్పు 9 పరుగులతో చేజారింది. 2022 జూన్‌లో ఆట మానేసింది. అంటే మూడేండ్లకు పైగా డబ్బాలో కూసున్నది. పాయింట్ తెచ్చిన పిల్లలు వచ్చి, అక్కా లే అన్నరు. అంతకు కొద్దిరోజుల ముందే విశాఖ స్టేడియంలో ఒక స్టాండ్‌కు ఆమె పేరు పెట్టిన్రు. అదీ మంచిదే, కాదనను. కానీ స్టాండ్ మీద పేరు సిమెంటు. కప్పు చేతికిచ్చుడు వేరే.

హాకీ ధ్యాన్‌చంద్ గురించి కొంచెం ఆగి చెప్పాలె. 1928 ఆమ్‌స్టర్‌డామ్, 1932 లాస్ ఏంజెలిస్, 1936 బెర్లిన్. మూడు ఒలింపిక్ స్వర్ణాలు. అసుంటి మనిషి తాను ఆడిన వాటిలో అన్నిటికన్నా మంచి మ్యాచ్ ఏదని చెప్పుకున్నడో తెలుసా? బెర్లిన్ ఫైనల్ కాదు. 1933లో కలకత్తాలో జరిగిన బేటన్ కప్ ఫైనల్. ఆడింది ఝాన్సీ హీరోస్ తరఫున, కలకత్తా కస్టమ్స్ మీద. ఝాన్సీ హీరోస్ అంటే ఆయన సొంతూరి క్లబ్బు. మన దగ్గర ఊరి జట్టు ఎట్లనో అట్ల. ప్రపంచమంతా తిరిగి పతకాలు తెచ్చినోనికి గుండెలో మిగిలింది ఊరోళ్లతో కలిసి గెలిచిన మ్యాచ్. 1979 డిసెంబర్ 3న ఢిల్లీలో కన్ను మూసిండు. దహనం ఝాన్సీలో చేసిన్రు. శ్మశానంలో కాదు, హీరోస్ గ్రౌండ్‌లోనే. ఈ ముచ్చట నేను బళ్లో ఎన్నిసార్లు చెప్పిన్నో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారి మా కెప్టెన్ సాబ్ మట్టి కోర్టే యాదికొచ్చేది.

అందరి కథా ఊరికి తిరిగిరాదు. ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిండు. 1956, 1960 ఒలింపిక్స్ ఆడిండు. 1962లో జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నడు. ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు ఆడనీకి కలకత్తా పోయిండు. ఊపిరితిత్తుల జబ్బు చేసి ముప్పై నిండకముందే ఆట బంద్ పెట్టిండు. అప్పుడైనా తిరిగి రావచ్చు గదా? రాలేదు. కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలోనే ఉండిపోయి 2023 ఫిబ్రవరిలో కలకత్తాలోనే పోయిండు. అక్కడోళ్లు ఆయన్ను మావోడనే అన్నరు. మనం? ఈ హాలులో ఆయన పేరు ఇంతకుముందు విన్నోళ్లు చెయ్యి లేపండి అంటే నాకు భయమైతది, అందుకే అడుగుత లేను.

ఇప్పుడు తప్పు ఆటగాని దిక్కు నుంచి కూడా ఉంటది, అదీ చెప్పాలె. అవుటైనోడు డబ్బాలో కూసొని ఏం చేయాలె? చూడాలె. కానీ కొందరు కూసోరు. లైన్ మీదికొచ్చి, "అరే ఎడమ కార్నర్, కాలు పట్టు, కాలు!" అని ఒర్రుతనే ఉంటరు. వేరేవాళ్ల పేర్లెందుకు, నేనే చేసిన. ఆట మానేసిన కొత్తలో నేను ఇదివరకు ఆడిన జట్టు క్యాంపుకు పోయిన. మా కాలంలో ఇట్లా కాదు, అట్లా కాదని గంటసేపు ఒర్రిన. ఆ జట్టు కోచ్ నాకన్నా వయసులో చిన్నోడు. మెల్లగ వచ్చి అడిగిండు: "సార్, మీరు ఆడుతరా, కూసుంటరా?" నాకు సిగ్గనిపించి పక్కనున్న చింతచెట్టు కిందికి పోయి కూసున్న. చెట్టు కింద కూసున్నంక ఒకటి కనిపెట్టిన. నేను ఒర్రుతున్నంత సేపు ఆ పిల్లలు కోచ్ దిక్కు చూస్త లేరు, నా దిక్కు చూస్తున్నరు. నేను జట్టుకు సాయం చేస్తలేను, జట్టును సగానికి చీలుస్తున్న.

పాత జట్టు మీద ప్రేమంటే ఎప్పుడూ దాని జెండానే పట్టుకొని తిరగాలని కూడా లేదు. ప్రో కబడ్డీ చూసేటోళ్లకు మన్‌ప్రీత్ సింగ్ తెలుసు. మూడో సీజన్‌లో పట్నా పైరేట్స్‌కు కెప్టెన్‌గా కప్పు గెలిపించిండు. అదే మనిషి 2024 డిసెంబర్‌లో పుణెలో హర్యానా స్టీలర్స్ కోచ్‌గా కూసొని, ఫైనల్‌లో అదే పట్నాను 32–23తో ఓడగొట్టిండు. పట్నా వాళ్లు ఆయన మీద పగ పట్టాల్నా? నాకైతే అట్లనిపియ్యదు. నేర్పుడు ఆయన బతుకుదెరువు. మన ఊర్లల్లో మాత్రం అల్లుడు పోయి అత్తగారి ఊరి జట్టుకు కోచింగ్ ఇస్తే రెండేండ్లు పలకరింపులు ఉండవు. నవ్వకండి, ఇద్దరు ఇక్కడనే ఉన్నరు.

జెర్సీ నంబర్ల సంగతికొస్త. ఈ మధ్య నంబర్‌ను రిటైర్ చేసుడు మొదలైంది. ధోనీ 7 ఇంకెవ్వరికీ ఇయ్యరు. హాకీ గోల్‌కీపర్ శ్రీజేష్ పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి ఆట మానేసిన వెంటనే సీనియర్ జట్టులో 16 నంబర్‌ను పక్కకు పెట్టిన్రు. కానీ అదే రోజుల్లో ఆయన్నే జూనియర్ జట్టుకు కోచ్‌ను చేసిన్రు. నాకు నచ్చింది ఈ రెండోది. నంబర్ దాచిపెడితే బీరువాలో ఉంటది. మనిషికి పని చెప్తే పొద్దున ఐదింటికి లేస్తడు. 2025 డిసెంబర్‌లో చెన్నైలో ఆ పిల్లలు జూనియర్ ప్రపంచ కప్‌లో కాంస్యం తెచ్చిన్రు. మా ఊరి జట్టుకు ఉన్నదే ఒక్క జత బనీన్లు. కెప్టెన్ సాబ్ వేసిన బనీన్ ఆయన తర్వాత ముగ్గురు వేసిన్రు. ఆఖరుకు చంకల కాడ చినిగిపోతే మా వదిన గిన్నెలు దించే మసిగుడ్డ చేసింది. రిటైర్ చేసుడంటే అది.

ఇగ కెప్టెన్ సాబ్ దగ్గరికే వస్త. కొన్నేండ్ల కింద ఒక పెద్ద టోర్నమెంట్‌కు ఆయన్ను పిలిచిన్రు. ఎవరు పెట్టిన్రనేది వదిలేయండి. సాయంత్రం ఆరింటికి ముందు వరుసలో కుర్చీ వేసి కూసోబెట్టిన్రు. వచ్చే పెద్దమనిషి రాత్రి పదకొండు దాటినంక వచ్చిండు. శాలువా, ఫోటో, చప్పట్లు, అయిపోయింది. నా బండి మీద ఇంటికి వస్తున్నం. దారిలో హసన్‌పర్తి దాటేదాక మాట లేదు. తర్వాత అన్నడు: "ఆ నీలం జట్టు కుడి కార్నర్ పోరడున్నడు గదా, పట్టు పట్టేటప్పుడు వెనక కాలు లైన్ మీద పెడుతున్నడు. మూడుసార్లు పెట్టిండు. ఎవ్వడు చెప్పలే." అయిదు గంటలు ఆయన చూసింది అది. ఆ ఒక్క మాట అడిగేటోడు ఆ గ్రౌండ్‌లో లేడు.

ఆ కన్ను ఖరీదు తెల్వాలంటే దూరం పోనక్కర్లేదు. మన పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. బళ్లో ఉరుకుతున్న పిల్లను చూసి, ఈమెలో ఏదో ఉన్నదని ముందుగాల పసిగట్టింది ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు. నా కులపోడు కాబట్టి చెప్పుకుంటున్న. డ్రిల్ సార్లది ఒకటే కులం.

కండక్టర్‌గా ఉన్నప్పుడు కెప్టెన్ సాబ్ బస్సులో కిట్ బ్యాగులతో పిల్లలెక్కితే మురిసిపోయేటోళ్లు, మన కెప్టెన్ సాబ్ బస్సు, టికెట్ ఉండదని. ఆయన మాత్రం ప్రతి ఒక్కరికి టికెట్ కొట్టేటోడు. పైసలు తన జేబులోంచి తీసి సంచిలో వేసేటోడు. పిల్లలకు ఆ సంగతి చాలా ఏండ్లు తెల్వదు.

ఆయన దగ్గర ఒక తాడున్నది. ముడులేసిన నూలు తాడు. మొదటి ముడి నుంచి ఆఖరు ముడికి 13 మీటర్లు, కోర్టు పొడవు. అడ్డంగ 10 మీటర్ల కాడ ఒక ముడి. మధ్య గీత నుంచి, కూతకు పోయినోడు దాటి తీరాల్సిన బాక్ లైన్‌కు 3.75 మీటర్లు, అక్కడొక ఎర్రదారం ముడి. అక్కడి నుంచి, అదనపు పాయింట్ తెచ్చే బోనస్ లైన్‌కు ఒక మీటరు, అక్కడొకటి. టేపు పట్టుకొని పోరగాళ్లు అర్ధగంట కొట్లాడే పని, ఈయన ఆ తాడుతో చాయ్ చల్లారకముందే చేస్తడు. ఆ తాడు మా జట్టుకు ఆడిన రోజుల్లోది. ముడి వదులైతే మళ్లా వేసిండు గని తాడు మార్చలే. మోకాలు పోయినంక కూడా ప్రతి సంక్రాంతికి ఎవరూ పిలవకున్నా వచ్చి లైన్లు వేసి, ఆట మొదలు కాకముందే సైకిలెక్కి పోయేటోడు. మధ్యలో ఒక నాలుగేండ్లు రాలేదు. మ్యాట్ తెచ్చిన్రు, దాని మీద గీతలు అచ్చువేసే ఉంటయి. తాడుకు పని లేకుండ పోయింది. ఆ నాలుగేండ్లు ఆయనకు శాలువాలు మాత్రం రెండు ఎక్కువ వచ్చినయి.

ఈసారి మ్యాట్ అద్దె ఎక్కువైందని మట్టి కోర్టే వేద్దామని కమిటీ తీర్మానం చేసింది. అద్దె పెంచినోనికి నా తరఫున దండం. నెలాఖరుకు మేడారం జాతర కూడా ఉన్నది, తర్వాత మనుషులు దొరకరు. కాబట్టి రేపే పని. ఎర్రమట్టి రెండు ట్రాక్టర్లు దిగినయి. రంపపు పొట్టు మిల్లు కాడ మాట్లాడిన. పొద్దున ఆరింటికల్లా గ్రౌండ్ కాడ ఉండాలె. జల్లెడలు, ముగ్గుపిండి మీరు తెచ్చుకోండి. నీళ్ల డ్రమ్ములు నేను చూసుకుంట. తాడు ఆయన తెస్తడు. పిల్లల్లో ఇద్దరు ఆయన ఎంబడి ఉండి ముడుల లెక్క నేర్చుకోవాలె, ఎవరో మీరే తేల్చుకోండి. ఇప్పుడే తేల్చుకోండి, నేను దిగుతున్న.