మిరపకాయ రాకముందు వంట

శ్రోతలకు నమస్కారం.

మా బరంపురంలో తెలుగింటి పక్కన ఒడియా ఇల్లు ఉండడం మామూలే. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మా పెద్దవాళ్ళు ఇటువైపు ఉండిపోయారు. గోడకి అటు మావుసి, అంటే ఒడియాలో పిన్ని, ఇటు మేము. ఆవిడ మాట ఎందుకెత్తానంటే, నాకు పట్టుకున్న ఒక పిచ్చిలో సగం పాపం ఆవిడదే. పాతకాలం వంటలు మళ్ళీ వండి చూడడం ఆ పిచ్చి.

ముందు ఇడ్లీతో దిగాను. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరు మీద 12వ శతాబ్దపు గ్రంథం ఒకటుంది, మానసోల్లాసం. అందులో ఇడ్డరిక అని ఒక వంటకం. మెత్తటి మినపపిండి, చిన్న ఉండలు, మిరియాలపొడి, జీలకర్రపొడి, ఇంగువ. అంతే. బియ్యం ఊసే లేదు. నాకు తోచినట్టు రుబ్బి, ఉండలు కట్టి ఆవిరి మీద పెట్టాను. గోళీకాయలు దిగాయి! మా ఆయన ఒకటి నోట్లో వేసుకుని, "రాజుగారి పళ్ళు గట్టివే" అన్నారు.

మావుసి వచ్చి చూసి ఒకే మాట అడిగింది. "రుబ్బాక పిండిని చేత్తో గిలకొట్టావా?" కొట్టలేదు. మార్గశిరంలో వాళ్ళు పసుపాకుల్లో పెట్టి ఆవిరి మీద ఉడికించే ఎండూరి పిఠాకి మినపపిండిని అలాగే కొడతారట. నీళ్ళలో చుక్క వేస్తే తేలాలి. మర్నాడు అలాగే కొట్టి, గిన్నెకి వాసిన కట్టి, గుడ్డ మీద పిండి వేశాను. ఈసారి దూదిలా వచ్చింది. మా అత్తయ్య ఒక ముక్క తిని, "దీనికోసమా ఇంత హడావుడి? ఇది ఆవిరి కుడుమే కదే!" అంది. ఇలా గుడ్డ మీద వేసి ఆవిరికి ఉడికించడం మేం ముగ్గురం కలిసి తేల్చుకున్నది. పాత వంటలు వండేవాళ్ళు ఇలాంటి చోట తమ ఊహ ఎంతో, పుస్తకం మాట ఎంతో విడివిడిగా చెప్పాలి. చాలామంది చెప్పరు.

కొలతలు రాయకపోవడం మన దగ్గరే ఉన్న జబ్బు అనుకోకండి. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో బాబిలోనియా మట్టి పలకలున్నాయి, క్రీస్తుపూర్వం 1730 ప్రాంతానివి. ఒక పలక మీద పాతిక దాకా పులుసుల్లాంటివి ఉన్నాయి. నీళ్ళు, కొవ్వు, ఉల్లి, వెల్లుల్లి అంటూ పోతుందే తప్ప ఎంతెంతో ఉండదు. అచ్చం మా అమ్మ ఉత్తరాల్లో "తగినంత ఉప్పు" లాగే! అయినా 2018లో పండితులు వాటిలో కొన్ని వండి చూశారు.

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది మాత్రం కృష్ణదేవరాయలే. ఆముక్తమాల్యదలో వానాకాలం భోజనం పద్యం చాలామంది వినే ఉంటారు. జడివాన, తడిసిన కట్టెలు. పద్యంలోని ఇల్లాలు కళ్ళకి పొగ తగలకుండా కొబ్బరి చిప్పలు అంటించి వండుతుంది. వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పొగపిన కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, ధారాళంగా నెయ్యి. పొగపిన అంటే పోపు పెట్టినవి. ఆ పోపులో ఎండుమిరప వేయడానికి నాకు చెయ్యి రాలేదు. పోర్చుగీసువాళ్ళు కేరళ తీరానికి చేరింది 1498లో. మిరపకాయ వాళ్ళ వెనక వచ్చి, మెల్లగా మన వంటిళ్ళలోకి చేరింది. మరి కారం? పూరీ జగన్నాథుడి వంటశాలలో ఇప్పటికీ మిరియాలే, బంగాళాదుంప, టమాటా గడప దాటవు అని మావుసి గుర్తుచేసింది. దాంతో మిరియాలు, పిప్పళ్ళు దంచాను.

వడియాల దగ్గర దొరికిపోయాను. మా డబ్బాలో ఉన్నవన్నీ పచ్చిమిర్చి నూరి పెట్టినవి. ఆషాఢంలో తినాల్సింది ఫాల్గుణంలోనే మొదలవ్వాలని అప్పుడు తెలిసింది. ఆ ఏడాదికి ఆ వంట ఆపేశాను. మరుసటి వేసవిలో బూడిదగుమ్మడికాయ తురిమి, మిరియాలపొడితో వడియాలు పెట్టాను. వంకాయ, మామిడి వరుగులు ఎండబెట్టాను. వానలు పట్టాక డాబా మీద రేకు కింద పొయ్యి పెట్టి కొబ్బరి చిప్పలు అంటించాను. నిజంగానే కళ్ళు మండలేదు. కానీ ఆ మంట భగ్గున లేచి చప్పున ఆరిపోతుంది. మొదటి గిన్నె అన్నం అడుగంటింది. చిప్పలు రెండు రెండు చొప్పున వేస్తూ పక్కనే కూర్చోవాలి. పద్యంలో ఆ కూర్చోవడం కనబడదు.

రుచి అంటారా? మిరియాల ఘాటు గొంతులో తెలుస్తుంది, మిరపలా నాలుక మీద కాదు. పప్పులో నెయ్యి రుచి విడిగా తెలిసింది. మా అబ్బాయి మాత్రం లేచి ఫ్రిజ్‌లోంచి ఆవకాయ తెచ్చుకున్నాడు.

మిగిలిన వడియాలూ పప్పూ మావుసికి పంపాను. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదు కదా. సాయంత్రం అందులో పొఖాళొ నీళ్ళు వచ్చాయి, అంటే చద్దన్నం నీళ్ళు, రాత్రి పులిసినవి, నిమ్మాకు వేసి. "ఏమిటర్రా అది?" అంది మా అత్తయ్య. "తొరాణి" అంది గోడ అవతల మావుసి. అత్తయ్య గిన్నె ఎత్తి ఒక గుక్క తాగి, "మా అమ్మ తరవాణే" అని మిగతాది నాకు ఇవ్వకుండా తాగేసింది.