కోరిలేషన్ సున్నా వచ్చిందా? స్కేల్ మార్చి చూడండి

[తెర మీద: నీలం గీత, ఎరుపు గీత. పక్కన "కోరిలేషన్ = 0"]

రెండు అంకెల వరుసలు (సిరీస్‌లు) ఎంత కలిసి కదులుతున్నాయో −1, +1 మధ్య చెప్పే అంకే కోరిలేషన్. స్కేల్ అంటే ఎన్ని రోజుల వ్యవధిలో చూస్తున్నామన్నది. ఈ రెండు గీతలకీ సంబంధమే లేదని లెక్క చెబుతోంది. కానీ వీటిని కంప్యూటర్‌లో తయారుచేసింది మనమే కాబట్టి లోపలి సంగతి మనకి తెలుసు. రోజువారీ ఒడిదుడుకులు రెండింటిలోనూ ఒక్కటే. వాటి కింద 200 రోజులకోసారి తిరిగొచ్చే నెమ్మదైన అల ఒకటి ఉంది. నీలంలో అది పైకి లేస్తుంటే ఎరుపులో దిగుతుంది. ఒడిదుడుకులు ప్లస్ వైపు, అల మైనస్ వైపు సమాన బలంతో లాగాయి. చెల్లుకు చెల్లు.

మరి డేటాని ముక్కలు చేసి, ప్రతి ముక్కలో మామూలు కోరిలేషన్ తీస్తే పోదా? అక్కడ ట్రెండ్, అంటే చాలాకాలం ఒకేవైపు సాగే పోకడ, మోసం చేస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో మరణాల రేటుకీ, మొత్తం పెళ్లిళ్లలో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పెళ్లిళ్ల వాటాకీ 1866–1911 మధ్య కోరిలేషన్ 0.95 అని గణాంక శాస్త్రవేత్త యూల్ 1926లో చూపించాడు. రెండూ ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చాయి, అంతే. చర్చిలో పెళ్లి మానేస్తే ఆయుష్షు పెరుగుతుందా?

[తెర మీద: కూడిక గీత, దాన్ని కోస్తున్న విండోలు, ఒక్కో విండోలో సరళరేఖ]

ఈ చిక్కుకి పొడోబ్నిక్, స్టాన్లీ అనే పరిశోధకులు 2008లో ఇచ్చిన పద్ధతి డీసీసీఏ (డీట్రెండెడ్ క్రాస్-కోరిలేషన్ అనాలిసిస్), అంటే ట్రెండ్ తీసేసి సంబంధం కొలవడం. సిరీస్‌లోంచి సగటు తీసేసి, మిగిలినదాన్ని వరుసగా కూడుకుంటూ పోవాలి. వచ్చిన గీతని ఒకే పొడవున్న ముక్కలుగా (విండోలుగా) కోసి, ప్రతిదాంట్లో సరళరేఖ అమర్చి, ఆ రేఖని తీసేయాలి. ట్రెండ్ చాలావరకు దాంతోపాటే పోతుంది. రెండు సిరీస్‌లలో మిగిలిన తేడాలని గుణించి సగటు తీస్తే, ఆ స్కేల్లో, అంటే ఆ విండో పొడవులో, అవి ఎంత కలిసి కదిలాయో తెలుస్తుంది. 2011లో జెబెండే అనే పరిశోధకుడు దీన్ని ఒక్కో సిరీస్ సొంత కదలికతో భాగించి, −1, +1 మధ్య ఉండే గుణకంగా మార్చాడు.

మన గీతల మీద ప్రయోగిద్దాం. విండో 10 రోజులైతే గుణకం +1కి దగ్గర. 200 రోజులైతే −1కి దగ్గర. డేటా అదే, గుర్తే తిరగబడింది!

[తెర మీద: రంగుల పటం. అడ్డంగా కాలం, నిలువుగా స్కేల్]

సంబంధం ఎప్పుడు బలపడింది, ఎప్పుడు సడలింది అన్నది మాత్రం డీసీసీఏ చెప్పదు. దానికి వేవ్‌లెట్ కొహెరెన్స్ కావాలి: ఏ కాలంలో, ఏ స్కేల్లో రెండు సిరీస్‌లు ఎంత కలిసి కదిలాయో 0 నుంచి 1 వరకు రంగుల్లో చూపే పద్ధతి. పటం చూడముచ్చటగా ఉంటుంది, అదే ప్రమాదం కూడా. లెక్కలో స్మూతింగ్ (చుట్టుపక్కల విలువలతో సగటు తీయడం) మరిచిపోతే ప్రతి చోటా 1 వస్తుంది. రెండు అంచుల దగ్గర డేటా చాలదు, అక్కడి రంగులని నమ్మొద్దు.

పెద్ద స్కేల్‌తో ఇంకో తంటా. 1000 రోజుల డేటాలో 500 రోజుల విండోలు, ఒకదానిమీదొకటి పడకుండా, రెండే పడతాయి. అందుకే చాలామంది డేటా పొడవులో నాలుగో వంతు దగ్గర ఆగిపోతారు. ఆ లోపల వచ్చిన అంకెకి కూడా పరీక్ష పెట్టాలి: ఒకదానితో ఒకటి సంబంధం లేని, కానీ మన సిరీస్‌లలాగే నెమ్మదిగా మారే నకిలీ జతలని వెయ్యి తయారుచేసి, వాటిలో ఎన్నింటికి ఇంత పెద్ద విలువ వచ్చిందో లెక్కపెట్టాలి. యాభై దాటితే ఆ సంబంధాన్ని పక్కన పెట్టేయండి.