టీవీ న్యూస్‌కి ఒక డస్టర్ కావాలి

[తెర ఖాళీ. మాట మాత్రమే వినిపిస్తుంది.]

ఏ న్యూస్ ఛానలైనా స్టూడియో మార్చిందంటే రెండు రోజులు అదే చర్చ. కొత్త రంగులు బాగున్నాయా, పాత టేబులే నయమా, లోగో అంత పెద్దది ఎందుకు... ఈ చర్చలంటే నాకూ ఇష్టమే, గంటలు గంటలు మాట్లాడగలను. కానీ ప్రతిసారీ ఎవరో ఒకరు ఒక మాట అంటారు, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. "ఇప్పుడు స్క్రీన్ మీద ఎక్కువ సమాచారం ఇస్తున్నారు కదా, మంచిదేగా!"

తెర మీద ఎక్కువ పెట్టడం వేరు, చూసేవాళ్ళకి ఎక్కువ చేరడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే న్యూస్ తెర ఇలా తయారైంది.

[నల్లబల్ల. ఒక చాక్‌పీస్, ఒక డస్టర్.]

ఒక క్లాస్‌రూమ్ అనుకోండి. టీచర్ పాఠం చెబుతున్నారు. బోర్డు మీద పాఠం పేరు రాశారు, ఒక బొమ్మ గీశారు. ఇంతలో ఇంకొకాయన వచ్చి బోర్డు అడుగున వేరే పాఠం రాయడం మొదలుపెట్టాడు. ఆ అక్షరాలు నిలబడవు, పరిగెడుతుంటాయి. మూడో ఆయన వచ్చి పక్కన ఉష్ణోగ్రత రాశాడు. నాలుగో ఆయన బడి పేరు నాలుగు మూలలా రాశాడు. పీరియడ్ మొదలైనప్పటి నుంచి బెల్లు మోగుతూనే ఉంది. డస్టర్ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఆ క్లాసులో పిల్లలకి ఎక్కువ తెలిసిందా, తక్కువ తెలిసిందా?

దీన్ని పరీక్ష పెట్టి చూసినవాళ్ళు ఉన్నారు. అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2005లో ప్రచురించిన ఫలితం ఇది. చుట్టూ స్క్రోలింగులు, గ్రాఫిక్స్ ఉన్న బులెటిన్ చూసినవాళ్ళు, అవేమీ లేకుండా చూసినవాళ్ళకంటే సుమారు 10 శాతం తక్కువ విషయాలు గుర్తుపెట్టుకున్నారు. చెవి ఒక మాట వింటుంటే కన్ను ఇంకో మాట చదవాలి. రెండూ మాటలే, రెండూ ఒకే బుర్రలోకి వెళ్ళాలి. కురుస్తున్న వాన బొమ్మ చూస్తూ వాన గురించి వినడం ఎవరికైనా తేలికే. వాన గురించి వింటూ క్రికెట్ స్కోరు చదవడం అలా కాదు.

ఇక స్క్రోలింగ్ దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

[తెర అడుగున అక్షరాలు కదులుతాయి.]

ఇదేమీ నిన్న మొన్నటి ఆలోచన కాదు. 1952లో అమెరికాలో ఎన్‌బీసీ 'టుడే' షో మొదలైనప్పుడే హెడ్‌లైన్లు కాగితం మీద టైప్ చేసి తెర అడుగున కదిలించారు, త్వరలోనే మానేశారు. ఆ తర్వాత చాలాకాలం స్క్రోలింగ్ అంటే ఎక్కువగా తుపానుకో ఎన్నికలకో వేసి తీసేసేదే. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్ ట్విన్ టవర్స్ మీద దాడి జరిగిన ఉదయం ఫాక్స్ న్యూస్, సీఎన్ఎన్, కాసేపటికి ఎంఎస్ఎన్‌బీసీ స్క్రోలింగ్ మొదలుపెట్టాయి. ఆ రోజు అది అవసరం. ఒకేసారి పది చోట్ల నుంచి కబుర్లు వస్తున్నాయి, యాంకర్‌కి నోరు ఒకటే. నేను అక్కడ కూర్చుని ఉన్నా అదే వేయమనేవాణ్ణి. కానీ ఆ రోజు గడిచింది, ఆ ఏడాది గడిచింది, స్క్రోలింగ్ మాత్రం పోలేదు. అత్యవసరం కోసం బోర్డు మీద రాసింది ఎవరూ చెరపలేదు. ప్రపంచమంతా ఛానళ్ళు దాన్నే చూసి నేర్చుకున్నాయి.

ఇంగ్లిష్‌లోనే ఇది ఇబ్బంది. తెలుగులో ఇంకా పెద్ద ఇబ్బంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఈ లైను చూడండి.

[అక్షరాలు కుడి నుంచి ఎడమకి మెల్లగా: "మంత్రి రాజీనామా చేసినట్టు వస్తున్న వార్తల్లో నిజం లేదని ఆయన కార్యాలయం వెల్లడి"]

మీరు వంటింట్లోంచి వస్తూ తెర వైపు చూశారు. "మంత్రి రాజీనామా చేసినట్టు" దాకా చదివారు. ఫోన్ మోగింది, తల తిప్పారు. మీకు తెలిసింది ఏంటి? మంత్రి రాజీనామా చేశాడని. తెర చెప్పింది ఏంటి? చేయలేదని.

తెలుగులో క్రియ చివర వస్తుంది. అవునా కాదా అన్నది అన్నిటికంటే చివర తేలుతుంది. 'లేదు', 'కాదు', 'అబద్ధం', 'ఖండన'... ఇవన్నీ వాక్యం తోకలో ఉంటాయి. నిలబడిన వాక్యంలో అది సమస్య కాదు, కన్ను ఒక్క చూపులో చివరిదాకా వెళ్ళివస్తుంది. పరిగెత్తే వాక్యంలో తోక రావడానికి నాలుగైదు సెకన్లు ఆగాలి. ఆగనివాళ్ళకి వార్త తలకిందులుగా చేరుతుంది. ఛానల్ తప్పు రాయలేదు, చూసినవాళ్ళు తప్పు చదవలేదు, అయినా ఊళ్ళోకి అబద్ధం వెళ్ళిపోయింది. ఇది తలచుకుంటే నాకు నిజంగా భయం వేస్తుంది.

మందు కష్టమైనదేమీ కాదు. "రాజీనామా చేయలేదు: మంత్రి కార్యాలయం." ఇంతే రాసి, ఒక లైనుగా నిలబెట్టి, ఐదారు సెకన్లు ఉంచి, తీసేసి, తర్వాతది వేయాలి. 2008 చివర్లో సీఎన్ఎన్ పరిగెత్తే స్క్రోలింగ్ తీసేసి ఇలా నిలబడి మారే లైన్లు పెట్టింది. కొన్నేళ్ళకి మళ్ళీ పరుగుకే వెళ్ళిపోయింది, నాకు బాధేసింది.

[దగ్గరగా: ఒకే ఒక పదం. "రాష్ట్రం".]

ఈ పదం చూడండి. ష, దాని కింద ట ఒత్తు, ఆ పక్కన ర ఒత్తు, చివర సున్నా. ఇంగ్లిష్ అక్షరాల కోసం గీసిన బ్యాండ్‌లో, అంటే తెర అడుగున ఉండే పట్టీలో, దీన్ని ఇరికిస్తే రెండే దారులు. ఒత్తులు తెగిపోవాలి, లేదా మొత్తం అక్షరం చిన్నదైపోవాలి. చాలాచోట్ల చిన్నదైపోతుంది. దానికితోడు బాగా కనిపించాలని బోల్డ్ చేస్తారు. ద, ధ, థ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా అంతా కడుపులో చుక్క, కింద చిన్న గీత. బోల్డ్ ఎక్కువైతే ఆ చుక్క పూడుకుపోతుంది.

లెక్క కూడా వేసి చూపిస్తాను. హెచ్‌డీ తెర ఎత్తు 1080 లైన్లు. స్క్రోలింగ్ అక్షరం 30 లైన్లు ఉందనుకోండి. ఫోన్ నిలువుగా పట్టుకుంటే వీడియో ఎత్తు 4 సెంటీమీటర్లకి కాస్త తక్కువ. అంటే ఆ అక్షరం ఎత్తు సుమారు 1 మిల్లీమీటరు. అందులో ఒత్తుకి దక్కేది ఎంత? ఇప్పుడు ఎంతోమంది వార్తలు చూసేది ఫోన్‌లోనే. బోర్డు మీద రాసేవాడు కనీసం ఆఖరి బెంచీకి వెళ్ళి కూర్చుని ఒకసారి చూడాలి కదా.

[తెర అడుగున ఒక పేరు వచ్చి మాయమవుతుంది.]

మాట్లాడే మనిషి పేరు, హోదా వేసే పట్టీని న్యూస్‌రూముల్లో ఆస్టన్ అంటారు. ఆస్టన్ అనేది అక్షరాలు వేసే యంత్రాలు తయారుచేసిన బ్రిటిష్ కంపెనీ పేరు. అమెరికావాళ్ళు దీన్నే కైరాన్ అంటారు, అదీ కంపెనీ పేరే. నా దృష్టిలో టీవీ గ్రాఫిక్స్ మొత్తంలో అత్యంత విలువైనది ఈ పట్టీ. ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే ఆ మాటకి ఎంత విలువ ఇవ్వాలో ఎలా తెలుస్తుంది?

మా ఇంట్లో రోజూ జరిగేదే చెబుతాను. అమ్మ కూర్చుని ఒక చర్చ చూస్తుంటుంది. ఒకాయన మందుల గురించి గట్టిగా ఏదో అంటాడు. అమ్మ కళ్ళజోడు తీసి పెట్టుకునేలోపు పేరు పోతుంది. "ఎవర్రా ఆయన, డాక్టరా?" అంటుంది. నాకూ తెలియదు. పది నిమిషాలు ఆయన మాట్లాడాడు, పేరు మళ్ళీ రాలేదు. ఆ పది నిమిషాలూ తెర మీద కదలకుండా ఉన్నవి ఛానల్ లోగో, ప్రోగ్రామ్ పేరు, 'లైవ్' అనే మాట, ఒక ప్రశ్నార్థకంతో పెద్ద హెడ్డింగ్. ఉండాల్సింది పోయింది, పోవాల్సినవి ఉండిపోయాయి. అందుకే డస్టర్ అంటున్నాను. డస్టర్ అంటే అన్నీ తుడిచెయ్యడం కాదు, ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చుకోవడం. గ్రాఫిక్స్ చేసేవాళ్ళలో ఒక పాత లెక్క ఉంది: పేరు తెర మీద రెండుసార్లు నింపాదిగా చదివేంతసేపు ఉండాలి. అది చేస్తే చాలు, నేను ఇంకేమీ అడగను.

బ్రేకింగ్ గురించి ఎక్కువ చెప్పను. అది బెల్లు. బెల్లు పీరియడ్ మారినప్పుడు మోగుతుంది. పొద్దున వచ్చిన వార్త మీద సాయంత్రం కూడా ఎర్ర పట్టీ ఉంటే, నిజంగా ఏదైనా జరిగినప్పుడు తలెత్తి చూసేవాళ్ళు ఉండరు.

[రెండు కడ్డీలు. ఒకటి పొట్టి, ఒకటి బాగా పొడుగు.]

గ్రాఫులు. ఒకరికి 48 శాతం, ఇంకొకరికి 52 శాతం. కడ్డీలు సున్నా నుంచి గీస్తే పక్కపక్కన దాదాపు సమానంగా నిలబడతాయి. అడుగున 45 నుంచి మొదలుపెట్టి గీశారనుకోండి. ఒకటి 3 గళ్ళు, ఇంకొకటి 7 గళ్ళు. రెట్టింపు కంటే పొడుగు! అంకెలు నిజమే, బొమ్మ అబద్ధం చెబుతోంది. బొమ్మ పక్కన అంకె రాశాం కదా అంటారు. మూడు సెకన్లు కనిపించే గ్రాఫులో జనం అంకె చదవరు, ఎత్తు చూస్తారు. అలాగే వాలుగా పడుకోబెట్టిన త్రీడీ 'పై చార్టు' (గుండ్రటి బొమ్మని ముక్కలుగా కోసి చూపించేది) ఎక్కడ కనిపించినా నమ్మకండి, ముందువైపు ముక్క ఎప్పుడూ ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది.

మంచి గ్రాఫిక్ ఎలా ఉంటుందంటారా? బీబీసీ 1955 ఎన్నికలకి స్వింగోమీటర్ అని ఒకటి మొదలుపెట్టింది. ఒక ముల్లు. ఓట్లు ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి ఎంత జరిగితే ముల్లు అంత జరుగుతుంది. ఒక విషయం, ఒక ముల్లు, పక్కన నిలబడి చెప్పే మనిషి. 2008 అమెరికా ఎన్నికల్లో సీఎన్ఎన్‌లో జాన్ కింగ్ అనే జర్నలిస్టు టచ్ స్క్రీన్ గోడ మీద మ్యాపును వేలితో తాకి ఒక్కో కౌంటీ (మన జిల్లా లాంటిది) తెరిచి చూపించడం కూడా అలాంటిదే. టీచర్ చేతిలో బెత్తం ఎక్కడ ఆగితే పిల్లల కళ్ళు అక్కడ ఆగుతాయి.

అదే ఎన్నికల రాత్రి, అదే ఛానల్, షికాగోలో ఉన్న రిపోర్టర్‌ని 35 కెమెరాల మధ్య నిలబెట్టి న్యూయార్క్ స్టూడియోలో ప్రత్యక్షమైనట్టు చూపించింది. హోలోగ్రామ్ అన్నారు, అది హోలోగ్రామ్ కాదు. స్టూడియోలో ఆ చోట ఏమీ లేదు, బొమ్మని వీడియోలో కలిపారు. దానికి పడ్డ శ్రమ తలచుకుంటే నాకు గౌరవమే. కానీ రిపోర్టర్ విలువంతా ఆమె ఉన్న చోటులో ఉంది. షికాగోలో ఉన్న మనిషి వెనక షికాగో లేకుండా చేశారు.

[స్టూడియో వెడల్పుగా. వెనక పెద్ద వీడియో గోడ.]

టైమ్ అయిపోతోంది, స్టూడియో సంగతి త్వరగా చెప్పేస్తాను. స్టూడియో అంటే క్లాస్‌రూమ్ గోడలు. గోడలు పాఠం చెప్పకూడదు. యాంకర్ వెనక ఎల్‌ఈడీ గోడ మీద మంటలు తిరుగుతూ ఉంటే కన్ను మంటల మీదే ఉంటుంది, ఎందుకంటే కదిలేదాన్ని చూడటం కన్ను సహజగుణం. పైగా ఆ గోడలోని చుక్కలు, కెమెరాలోని చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి అలలు అలలుగా కనిపిస్తాయి. అందుకే తెలిసిన కెమెరామన్ వెనక గోడని కాస్త మసకగానే ఉంచుతాడు. వెనక నిజమైన న్యూస్‌రూమ్ కనిపించడం నాకు ఇష్టమే, మనుషులు మరీ దగ్గరగా తిరగనంత వరకు.

1993లో బీబీసీ తన ప్రధాన బులెటిన్లకి కంప్యూటర్‌లో గీసిన స్టూడియో పెట్టింది. 1999లో దాన్ని తీసేసి ఎరుపు, క్రీమ్ రంగులకి వచ్చింది, డేవిడ్ లో (Lowe) అనే సంగీతకారుడు కట్టిన సంగీతం తెచ్చింది. రేడియో టైమ్ సిగ్నల్‌లోని బీప్ శబ్దాల మీద కట్టిన సంగీతం అది. ఆ తర్వాత సెట్లు మారాయి, అక్షరాలు మారాయి, 2013లో భవనమే మారింది. ఆ బీప్‌లు మాత్రం ఉంచారు. పక్క గదిలో ఉన్నా వార్తలు మొదలయ్యాయని చెవికి తెలుస్తుంది. మార్చేటప్పుడు జనం ఒంటికి పట్టిందేదో గుర్తించి దాన్ని ముట్టుకోకుండా వదిలేశారు, మెచ్చుకోవాలి.

చివరిది, టైమ్‌టేబుల్. ఒక్క ఉదాహరణ. బ్రిటన్‌లో ఐటీవీ అనే ఛానల్ తన రాత్రి పది గంటల వార్తలు 'న్యూస్ ఎట్ టెన్'ని 1999 మార్చిలో ఆపేసింది. రాత్రి పది గంటలకి సినిమాలు అడ్డం లేకుండా వేసుకోవచ్చని. 2000 అక్టోబర్‌లో బీబీసీ తన తొమ్మిది గంటల వార్తల్ని పదికి మార్చి ఆ చోటులో కూర్చుంది. ఐటీవీ 2001లో మళ్ళీ తెచ్చింది, 2004లో మళ్ళీ తీసేసింది, 2008లో మళ్ళీ తెచ్చింది. అక్కడి జనం దానికి 'న్యూస్ ఎట్ వెన్' అని పేరు పెట్టారు, అంటే ఇంతకీ ఎన్నింటికి అని. సెట్టు బాగోలేకపోతే జనం తిట్టుకుంటూ అయినా చూస్తారు. టైమ్ మార్చితే తిట్టరు, ఆ టైమ్‌కి ఇంకో పని పెట్టుకుంటారు.

చర్చల్లో ఆరు కిటికీల సంగతి, సబ్‌టైటిళ్ళ మీద బ్యాండ్ పడటం, సైన్ భాషలో చెప్పేవాళ్ళని మూలకి నెట్టడం... ఇవన్నీ మిగిలిపోయాయి, వచ్చే వీడియోలో వాటితోనే మొదలుపెడతాను. అప్పటిదాకా మీరొక పని చేయండి. ఈ రాత్రి ఏదో ఒక బులెటిన్ పది నిమిషాలు చూడండి, పక్కన ఒక కాగితం పెట్టుకోండి. తెర మీదికి వచ్చిన ప్రతిదానికీ ఒక గీత గీయండి, పోయిన ప్రతిదానికీ ఒక గీత కొట్టేయండి. చివరికి ఎన్ని మిగిలాయో కింద కామెంట్లలో రాయండి.

[నల్లబల్ల. పూర్తిగా తుడిచి ఉంది.]